ఓడి వచ్చిన రోజున



ఇవాళ ఫుట్‌బాలు గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఆడవాళ్ళ కార్యక్రమంలో బంతాట సంగతేమిటమ్మా?" అంటారేమో! ఆటగాడు మైదానంలో ఉండేది గంటన్నర. తక్కిన పొద్దంతా మన చేతికిందే కదండీ!

మా జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్ళో పిల్లవాడు కాలేజీ జట్టులో చేరాడంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. విశ్వవిద్యాలయం కిందనున్న కాలేజీలు మొదట తమలో తాము పోటీపడతాయి. వాటిలో బాగా ఆడినవాళ్ళను ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. అది దక్షిణ మండల పోటీకి వెళుతుంది. అక్కడ నెగ్గుకొస్తే అఖిల భారత పోటీ. ఇంత పెద్ద నిచ్చెనలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. నెలల తరబడి చేసిన సాధన ఒక్క పూటలో ముగిసిపోతుంది.

ఆ సాయంత్రం మనమేమంటాం? "ఓడారుగా, ఇక చాలు. బూట్లు అటకెక్కించి పుస్తకం తియ్యి" అంటాం. ఈ మాట అనేముందు ఒక్క క్షణం ఆగమని నా మనవి.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడుండేవారు. చదువుకునే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తర్వాత హైదరాబాదు పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకులయ్యారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సు తేడాతో ఓడిపోయారు. అంతటి ఓటమి తర్వాత కూడా రహీంగారు పని ఆపలేదు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి కుర్రాళ్ళకు పోటీలు నడిపారు. 1956 మెల్బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలుకు చేరింది. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీంగారికి క్యాన్సరు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. హెల్సింకీ నుంచి రాగానే "ఇక చాలు" అని ఉంటే ఆ పతకం ఎక్కడిది చెప్పండి?

అమ్మాయిలకైతే "ఇక చాలు" అన్న మాట ఆట మొదలుకాకముందే వినబడుతుంది. నిజామాబాద్ జిల్లా ఆడపిల్ల గుగులోత్ సౌమ్య మొదట పరుగుపందేల్లో పాల్గొని, తర్వాత ఫుట్‌బాలుకు మళ్ళింది. 2022లో క్రొయేషియా దేశం వెళ్ళి డైనమో జాగ్రెబ్ జట్టులో ఆడింది. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బహుమతి అందుకుంది. మన అమ్మాయిలకు కాళ్ళు లేవా, ఊపిరి లేదా?

ఇక మన వంతు. ఆట ఉన్న రోజున రెండు మూడు గంటల ముందే తేలికైన భోజనం పెట్టండి. వేపుళ్ళూ, ఆవకాయా ఆ పూటకు వద్దు. ఆట అయ్యాక మజ్జిగ, అరటిపండు, ఆనక పప్పన్నం, గుడ్డు. చీలమండ బెణికితే నూనె రాసి మర్దనా చెయ్యకండి. మంచుముక్కలు గుడ్డలో చుట్టి అద్ది, కాలు ఎత్తుగా పెట్టించండి. అడుగు వెయ్యలేకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. చదువు మాటకొస్తే, ఆటల రోజుల్లో తెల్లవారుజామున ఒక గంట కేటాయించుకోమనండి. ఆట మాన్పిస్తే మార్కులు వాటంతటవే రావు. వేళకు కూర్చుంటే వస్తాయి.

ఓడి వచ్చిన రోజున మాత్రం లెక్కలడగకండి. "కాళ్ళు కడుక్కురా నాయనా, అన్నం చల్లారిపోతోంది" అనండి. ఎలా ఓడారో వాడే చెబుతాడు. విన్నాక, మళ్ళీ సాధన ఎప్పుడో అడిగి, ఆ బూట్లు ఎండలో పెట్టండి.

సెలవు.