ఒంటిచేతి పిచ్చర్

క్రికెట్‌లో బౌలర్ ఎంతో, బేస్‌బాల్‌లో పిచ్చర్ అంత. బంతి విసిరితే పని అయిపోదు. బ్యాటు తగిలి దూసుకొచ్చే బంతిని గ్లౌజు తొడిగిన రెండో చేత్తో పట్టాలి. జిమ్ అబాట్‌కు ఆ రెండో చెయ్యే లేదు. 1967లో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో, కుడి అరచెయ్యి లేకుండా పుట్టారు.

చిన్నప్పుడే గోడకేసి బంతి కొడుతూ ఒక ఒడుపు సాధించారు. గ్లౌజును కుడిచేతి కొసన ఆనించి, ఎడమ చేత్తో విసిరేవారు. మరుక్షణం ఆ ఎడమ చెయ్యే గ్లౌజులోకి దూరేది. బంతి చిక్కగానే గ్లౌజును చంకలో ఇరికించి, చెయ్యి బయటికి లాగి, బంతి తీసి మళ్లీ విసిరేవారు. ఇదంతా రెప్పపాటులో!

1988 సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ప్రదర్శన క్రీడ. ఫైనల్లో జపాన్‌పై అమెరికాను గెలిపించారు. మరుసటి ఏడు, చిన్న లీగుల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, నేరుగా మేజర్ లీగ్‌కు, కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టులోకి వచ్చారు. 1993 సెప్టెంబరు 4న న్యూయార్క్ యాంకీస్ తరఫున ఆడుతూ, క్లీవ్‌లాండ్ జట్టుకు మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరుకోవడం) కూడా దక్కనివ్వలేదు. ఎందరో మేటి పిచ్చర్లకు కూడా అందని ఘనత అది.

1999లో ఆట విరమించే నాటికి పిచ్చర్‌గా ఆయన ఖాతాలో 87 గెలుపులు, 108 ఓటములు. ఓటములే ఎక్కువ, నిజమే. అయినా మేజర్ లీగ్‌లో పది సీజన్లు ఆడిన ఆ ఎడమ చేతికి మనసారా జోహార్లు.