ఉప్పు ప్యాకెట్ మీద 536 ఏంటి?

ఇంట్లో ఉప్పు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. చాలా వాటిమీద 536 లేదా 551 అని ఉంటుంది. ఉప్పు గడ్డ కట్టకుండా కలిపేవి ఇవే. 551 అంటే సిలికా. 536 పేరులో సయనైడ్ వినపడినా, అది ఇనుముతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. అనుమతించిన మోతాదులో భయం లేదు.

మరి సైంధవ లవణం, కల్లుప్పు? అవీ సోడియం క్లోరైడే, బీపీకి పెద్ద తేడా లేదు. కానీ అయోడిన్ విడిగా కలపకపోతే వాటిలో దాదాపు ఉండదు. మన గొలుగొండ మన్యం అంచున ఉంది కదా! కొండ నేలల్లో అయోడిన్ వానలకి కొట్టుకుపోతుంది. అది తక్కువైతే గొంతు దగ్గర థైరాయిడ్ వాస్తుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

అందుకే ఏ ఉప్పు కొన్నా 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూడండి. డబ్బా మూత గట్టిగా పెట్టండి. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దు!