కూర్చున్న చోటనే పక్షిదర్శనం

వన్యప్రాణుల ఛాయాచిత్రణ అనగానే కొండలెక్కే కాళ్ళు, అడవులు గాలించే ఓపిక స్ఫురిస్తాయి. అవి లేనివారికి ఈ కళతో పనిలేదని పలువురి అభిప్రాయం. మేమూ కొంతకాలం అట్లే తలచాము.

మాది బొబ్బిలి. చిన్ననాటినుండి ఉబ్బసం మాకు తోడు. కొన్నేళ్ళ క్రిందట ఒక శీతాకాలపు వేకువన, వెంట వచ్చిన మిత్రునికి జబ్బు సంగతి చెప్పక, కెమెరా తగిలించుకొని కొండ ఎక్కబోయాము. సగం దారిలో ఊపిరి అందలేదు. పీల్చవలసిన మందు ఇంటి బల్లమీదనే ఉండిపోయింది. మిత్రుడు తన చిత్రాలు మానుకొని మమ్ము మెల్లగా దింపి వైద్యుని వద్దకు చేర్చాడు. జబ్బు దాచినందుకు ఆనాడు పడిన సిగ్గు మమ్ము ఇంకా విడువలేదు.

కోలుకునే రోజులలో పూర్వుల చరిత్రలు చదివాము. ఇంగ్లండు దేశస్థుడైన రిచర్డ్ కీర్టన్ బాల్యంలో తుంటికి దెబ్బ తగిలి జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఆయన రాయగా, తమ్ముడు చెర్రీ ఛాయాచిత్రాలు తీయగా, పక్షిగూళ్ళను గురించిన వారి సచిత్రగ్రంథం 1895లో వెలువడింది. పక్షులు బెదరకుండా ఆ సోదరులు బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దాగి కూర్చునేవారు! ఎరిక్ హోస్కింగ్ అనే మరొకరు 1937లో గుడ్లగూబ గోరు తగిలి ఒక కన్ను కోల్పోయి కూడ, ఆ పిమ్మట దశాబ్దాలపాటు పక్షులనే చిత్రించాడు.

అంతదూరం పోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి సమీపాన తేలినీలాపురం ఉన్నది. ఏటా వానకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముంగిట వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని లోకవాడుక. నిజానికి ఇవి మన దేశంలోనే గూళ్ళు పెట్టే జాతులు. గ్రామస్థులు వీటి రాకను శుభంగా ఎంచుతారు.

అక్కడ మేము నేర్చుకున్నది ఒక్కటే. తిరుగాడే మనిషిని చూచి పక్షి బెదరుతుంది. కదలక కూర్చున్నవానిని కొంతసేపటికి మరచిపోతుంది. మా ఊరి చెంత గొల్లపల్లిలో వీణ చేసేవారు పనసదుంగ ముందు కూర్చుండి తొలిచినట్లే, ఇదీ ఓపికతో కూర్చుండి చేసే పని.

అయితే జాగ్రత్తలు తప్పవు. వైద్యుని సలహా లేనిదే మేము బయలుదేరము. మందు చొక్కాజేబులో ఉంటుంది. అది ఎట్లా వాడాలో వెంట వచ్చేవారికి ముందే చెబుతాము. మంచు విడిచిన తరువాతనే వెళతాము. రెట్టల ధూళి ఊపిరికి చేటు గనుక గూళ్ళ క్రింద కూర్చోము. మా వెనుకనుండి గాలి చెట్లవైపు వీచే చోటు చూచుకుంటాము. కెమెరా బరువును ముక్కాలిపీటకు అప్పగిస్తాము.

ఒకనాడు రెండు గంటలు అట్లే కూర్చున్నాము. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తలదూర్చి చేపను అందుకున్నది. ఆ క్షణం మా కెమెరాకు చిక్కింది.

ఆనాటి కొండమీది పక్షిని మాత్రం మేము నేటికీ చూడలేదు. ఇక చూడబోము కూడ. ఆ కొరత ఉన్నది. అయినా వచ్చే వానకాలం చివర మా కుర్చీ తేలినీలాపురంలోనే ఉంటుంది.