వృద్ధులకు రెండవ ఓనమాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గూడూరు జంక్షనులో రైలెక్కిన యువకులు చెన్నపట్టణమునకో, బెంగుళూరునకో పోవుచున్నారు. కొందరు అచ్చటినుండి విమానమెక్కి అమెరికా చేరుచున్నారు. ఇది తప్పు కాదు. చెమటోడ్చి చదివించిన తల్లిదండ్రులు కోరినదియు ఇదియే. కాని వారు పోయిన పిదప చుట్టుపట్టు పల్లెలలో మిగులునది ఒక నిమ్మతోట, ఒక పెద్ద యిల్లు, అందొక వృద్ధురాలు. కుమారుడు కొనియిచ్చిన సెల్‌ఫోను గూటిలో నుండును. అది మ్రోగినచో ఎత్తుట ఆమెకు తెలియును. తానుగా పిలుచుట తెలియదు. మనుమరాలి ముఖము చూడవలెనన్నచో ప్రక్కయింటి కుఱ్ఱవాడు బడినుండి వచ్చువఱకు వేచియుండవలెను.

ముచ్చటతో ముగియు విషయమైనచో ఇంత చెప్పవలసిన పని లేదు. పింఛనుదారులు తాము బ్రతికియున్నట్లు ఏటేట రుజువు చూపవలెను గదా! అందులకై 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ పద్ధతి ఏర్పడినది; 2021 నుండి ఫోనుకు ముఖము చూపినను చాలును. 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చినవి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన మిత్ర పేర వాట్సాప్ ద్వారా సేవలందించుట మొదలిడినది. ఇవి యన్నియు ముసలికాళ్ల శ్రమ తగ్గింపదగినవే. అయినను ఫోను వాడనేర్చినవారికే ఆ సుఖము. నేర్వనివారు ఒకప్పుడు కచేరి గుమ్మమున నిలిచిరి. ఇప్పుడు ఫోను తెలిసిన వారి గుమ్మమున నిలుచుచున్నారు.

పెద్దవారికి ఓనమాలు నేర్పుట నెల్లూరు సీమకు క్రొత్త కాదు. 1990వ దశకపు తొలి యేండ్లలో, అక్షరదీపము పేర సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగినది. పగలంతయు పొలములో వంగిన స్త్రీలు రాత్రివేళ పలక పట్టిరి. జీతము లేని యువతీయువకులు వారి ప్రక్కన కూర్చుండి నేర్పిరి. ఆ వాచకములోని సీతమ్మ కథ చదివిన దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిన వృత్తాంతము దేశమంతట ప్రసిద్ధము. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది.

అప్పుడు ముప్పదియేండ్ల వయసున నున్న స్త్రీకి నేడు అరువదియైదేండ్లు. వేలిముద్ర వేయుట నామోషి యని తలచి, వ్రేళ్లు నొప్పిపుట్ట సంతకము నేర్చిన తరమది. అదే తల్లి యిప్పుడు రేషను దుకాణములో యంత్రముపై మరల బొటనవ్రేలు మోపుచున్నది! నేర్చిన చదువు కండ్ల యెదుటనే చాలకపోయినది.

ఈ తరమును ఎవరు పట్టించుకొనిరి? 2017లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఆరంభించినది. ఆరుకోట్ల గ్రామీణ కుటుంబములలో ఇంటికొకరికి శిక్షణ యిచ్చుట దాని లక్ష్యము. పెద్ద ప్రయత్నమే. కాని పదునాలుగేండ్లనుండి అరువదియేండ్ల వఱకే అర్హత! అరువది దాటినవారు ఆ వాకిట ఆగిపోయిరి. 2024లో ఆ పథకమే ముగిసినది. కేరళమువారు వేఱుగా యోచించిరి. తిరువనంతపురము జిల్లా పుల్లంపార పంచాయతీలో స్వచ్ఛందసేవకులు ఇండ్లకును, ఉపాధిహామీ పనులు జరుగు చోట్లకును పోయి నేర్పిరి. 2022లో ఫలితము ప్రకటితమైనది. ఆ బాటనే రాష్ట్రమంతట నడిచి 2025 ఆగస్టులో సంపూర్ణ డిజిటల్ సాక్షరత ప్రకటించుకొనిరి. ముదిమిని వారు అనర్హతగా నెంచలేదు.

నేర్పు తీరున ఒక మాట. శిక్షణ పుస్తకములు తఱచుగా యంత్రభాగముల పేర్లతో మొదలగును. ఏ అవ్వయు రాట్నపు భాగములు వల్లించి నూలు వడుకుట నేర్వలేదు. ఆమెకు మనుమరాలిని చూడవలెనని యున్నచో అదియే మొదటి పాఠము. బ్యాంకు సంగతి తరువాత. అక్షరములు పెద్దవి చేయవలెను. ఎండిన వ్రేలిని ఫోను అద్దము ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. తడిగుడ్డ నద్దుకొనిన సరిపోవును. ఈ చిన్న సంగతి తెలియక, "నా చేయి దీనికి పనికిరాదు నాయనా" అని ఫోను దూరముగా పెట్టువారు కలరు. చదువురానివారికి మైకు గుర్తు నొక్కి మాటనే పంపుట నేర్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, నేర్పువాడు ఫోను తన చేతిలోనికి తీసికొనరాదు. కుఱ్ఱవాని వ్రేలు చకచక నాడినంతసేపు పని జరుగును, విద్య రాదు.

భయపడవలసినది మోసగాండ్రకు. పోలీసులమని బెదరించి, వీడియోలో కనబడి, "డిజిటల్ అరెస్టు" చేసితిమని ధనము లాగువారు బయలుదేరినారు. అట్టి అరెస్టు మన చట్టములో లేనేలేదు. మోసపోయినవారు ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను. ఒంటరివారు వీరి వలలో చిక్కుటకు కారణము తెలివితక్కువ కాదు. ఆ గడియలో "ఇది నిజమేనా?" అని అడుగుటకు ఇంట మరియొక మనిషి లేకపోవుటయే. వారమువారము వచ్చు సేవకుడు ఆ మనిషి కాగలడు. పాఠము మఱచినను, డబ్బు పంపుటకు ముందు అతనినో ఆమెనో అడుగవలెనన్న తలపు నిలిచినచో చాలును. అందుచేతనే సేవకుల యెంపిక జాగ్రత్తగా జరుగవలెను. ఇద్దరు కలిసి పోవలెను. రహస్యసంఖ్య చెప్పబోయినను విననొల్లరాదు. పిల్లలు దూరదేశముననున్నను వారికి తెలిపి మొదలిడవలెను.

వలదన్నవారిని బలవంతపెట్టుట తగదు. పోస్టుమాను ఇంటికి వచ్చి జీవన ప్రమాణము తీసికొను సదుపాయము కలదు; కొలది రుసుము చెల్లించి దానితో తృప్తిపడువారిని వెనుకబడినవారనుట పొగరు.

పాఠకుడు రాలేనిచోటికి గ్రంథాలయమే పోవుట ఆంధ్రదేశమున పాత ఆచారము. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. ఇచ్చట పడవ అక్కరలేదు, సైకిలు చాలును. నడువగలవారికి సాయంకాలము నాలుగింటినుండి ఆరింటివఱకు పఠనమందిరములో రెండు కుర్చీలు ప్రక్కప్రక్కన వేయవచ్చును. రాలేనివారి పేర్లు వీధులవారీగా వ్రాసికొని, సేవకులు ఒక్కొక్క యింటికి నియమించిన దినమున, నియమించిన వేళకు పోవలెను. పరీక్షలవలన రాలేకపోయినచో ముందుగా కబురంపవలెను. ఆ వేళకు అరుగుపై కూర్చుండి ఎదురుచూచు వారున్నారు.