తొలి ఓటు – డ్యూటీలో ఉన్న ఉద్యోగి

(జాతీయ ఓటర్ల దినమైన జనవరి 25న రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠము)



హిమాచల ప్రదేశంలో చీని అనే తహశీలు ఉండేది. నేటి కిన్నౌరు జిల్లాలోని కల్పా ప్రాంతమే అది. 1951 అక్టోబరులో, దేశమంతటికన్నా ముందుగా, అక్కడ పోలింగు జరిపించారు. అందుకు కారణం రాజకీయం కాదు, మంచు. ఆలస్యమైతే కనుమలు మూసుకుపోయి ఆ గ్రామాలకు బయటి లోకంతో సంబంధమే ఉండదు. అక్టోబరు 25 ఉదయాన కల్పాలో ఓటు వేసిన శ్యామ్ శరణ్ నేగీ అనే బడిపంతులు స్వతంత్ర భారతదేశపు తొలి ఓటరుగా తదుపరి ప్రసిద్ధి పొందారు. ఆయన అంత పెందలకడనే ఎందుకు వెళ్ళారన్నది మనబోటి వారు గమనించవలసిన విషయము. ఆయనకు ఆనాడు వేరొక చోట ఎన్నికల డ్యూటీ పడినది. పనికి పోవలసిన వాడను, ముందుగా ఓటు వేయనివ్వండని అడిగి, వేసి, డ్యూటీకి వెళ్ళారు.

మన సభకు ఇంతకన్న తగిన ప్రారంభము మాకు తోచలేదు.

ఆ ఎన్నికలకు పూర్వము కార్మికునికి ఓటు ఎట్లుండేదో ఇప్పటి యువ సభ్యులలో చాలామందికి తెలియదు. 1935 చట్టము క్రింద ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు ఇచ్చేవారు. కార్మికులకు శాసనసభలలో కొన్ని ప్రత్యేక స్థానాలు విడిగా పారవేశారు. 1946లో జ్యోతి బసు బెంగాల్ శాసనసభకు ఎన్నికైనది అటువంటి రైల్వే కార్మికుల నియోజకవర్గము నుండియే. ఆ స్థానాలు మనకు కొందరు గట్టి నాయకులను ఇచ్చిన మాట నిజమే. అయినను అది పెరట్లో వేసిన విస్తరి. రాజ్యాంగములోని 326వ అధికరణము ఆ విస్తరిని తీసి, అందరితోపాటు పంక్తిలో కూర్చుండబెట్టినది. 21 సంవత్సరాలు నిండిన గ్యాంగుమనుకు ఒక ఓటు, జనరల్ మేనేజరుకు ఒక ఓటు. (వయస్సు 18కి తగ్గినది 61వ సవరణ ద్వారా, 1989 నుండి.)

ఓటర్లు 17 కోట్ల 30 లక్షలకు పైగా. దేశంలో చదవగలిగినవారు నూటికి ఇంచుమించు 18 మంది. ఈ భారమంతా ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ మీద పడినది. అభ్యర్థి పేరు చదవలేని ఓటరు కొరకు గుర్తులు వచ్చాయి. ప్రతి అభ్యర్థికి వేరు పెట్టె, పెట్టెపై గుర్తు. రూపాయి నోటు పరిమాణములో ఉన్న కాగితమును నచ్చిన గుర్తు గల పెట్టెలో వేయుటే ఓటు. దానిపై ముద్ర వేయనక్కరలేదు. అందుకే ఉక్కు పెట్టెలు సుమారు 20 లక్షలు కావలసి వచ్చాయి. వాటిని తయారు చేసిన కర్మాగారాలలో మన హైదరాబాదు ఆల్విన్ కూడా ఒకటి. జాబితాలు టైపు చేయుటకు 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల ఒప్పందంపై తీసుకున్నారు. కాంట్రాక్టు ఉద్యోగము నిన్న మొన్న పుట్టినది కాదని మనవి!

ఇన్ని చేసినను ఒక లోపము మిగిలినది. ఉత్తరాది రాష్ట్రాలలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పుటకు ఇష్టపడలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే వ్రాయించారు. అట్టి నమోదు చెల్లదని సేన్ పట్టుబట్టారు. సుమారు 28 లక్షల పేర్లు జాబితా నుండి తొలగిపోయాయి. సేన్ నిర్ణయము కఠినమైనదే. కాని దానిని తప్పు పట్టజాలము. ఓటు భర్తది కాదు, కొడుకుది కాదు, ఆమెది అన్న సూత్రము మీద ఆయన నిలబడ్డారు. తరువాతి ఎన్నికల నాటికి పేర్లు చేర్పించే పని ముమ్మరంగా సాగినది.

1952 ఫిబ్రవరికి పోలింగు ముగిసినది. 489 స్థానాలలో కాంగ్రెసుకు 364, కమ్యూనిస్టులకు 16, సోషలిస్టులకు 12 వచ్చాయి. ఇందులో ఒక చిత్రము చూడండి. సోషలిస్టులకు నూటికి పది ఓట్లకు పైగా పడినా దక్కినవి 12 స్థానాలే. నూటికి మూడున్నర ఓట్లు కూడా రాని కమ్యూనిస్టులకు 16. వారి బలము కొన్ని ప్రాంతాలలో చిక్కగా ఉన్నది, వీరి బలము దేశమంతా పలుచగా పరచుకున్నది. ఆనాటి సోషలిస్టు నాయకుడు జయప్రకాశ్ నారాయణ్ అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు అధ్యక్షులుగా పనిచేసినవారే. మన తెలుగు ప్రాంతము నుండి, పాతపట్నం స్థానములో వి.వి. గిరి గెలిచారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమములో రాటుదేలిన మనిషి. 1937లోనే బొబ్బిలి రాజాను ఓడించినవారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వము మార్చినందుకు 1954లో పదవి వదలుకున్నారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లతో నెహ్రూకన్నా మిన్నగా తెచ్చుకున్న సంగతి మీకు తెలిసినదే.

ఇక మన విషయము. ఓటు వేసినవారు ఆనాడు నూటికి సుమారు 45 మందే. మిగిలినవారందరూ నిర్లక్ష్యము వల్ల రాలేదనుకోవడం పొరపాటు. పోలింగు నాడు బండి ఆగదు. సిగ్నలు క్యాబినులో మనిషి ఉండి తీరాలి. సార్టింగు ఆఫీసులో రాత్రి డ్యూటీ ముగిసేసరికి ఊరు వంద మైళ్ళ దూరము. ప్రవర్తనా నియమావళి మనలను ప్రచారము చేయవద్దన్నది, ఎవరికి వేస్తామో సూచించను కూడా వద్దన్నది. ఓటు వేసే హక్కును మాత్రం అది ముట్టలేదు. దానిని తీసివేస్తున్నది రోస్టరు.

ప్రజాప్రాతినిధ్య చట్టములో 135-బి సెక్షను పోలింగు నాడు వేతనముతో సెలవు ఇమ్మంటుంది. లేకపోతే ప్రమాదము గాని, తీవ్ర నష్టము గాని కలిగే పనులలో ఉన్నవారికి అది వర్తించదని కూడా అంటుంది. బండి నడిపేవాడు ఈ మినహాయింపులో పడిపోతాడు. 2019లో నిబంధనలు సవరించి, ఎన్నికల సంఘము నోటిఫై చేసిన అత్యవసర సేవల సిబ్బందికి పోస్టల్ బ్యాలెట్ అవకాశము కల్పించారు. 12-డి ఫారము నింపి, శాఖ నోడల్ అధికారి ధ్రువీకరణతో, ఎన్నికల నోటిఫికేషను వెలువడిన అయిదు రోజులలోగా అందజేయాలి. అయిదు రోజులు! గూడ్సు బండిపై పోయిన మనిషి మూడో రోజుకు గాని ఇల్లు చేరడు.

గత ఎన్నికలలో ఒక డిపోలో ఈ ఫారాల సంగతి నోటీసు బోర్డుకు ఎక్కినది గడువు తీరిన మరునాడు. ఇరవయి ఎనిమిది ఏళ్ళ సర్వీసు గల లోకో పైలట్ ఒకరు మా వద్దకు వచ్చి, తన జీవితములో వేసినవి రెండే ఓట్లని చెప్పారు. ఆ రెండూ జబ్బు సెలవులో ఉండగా వేసినవట. మేము నవ్వలేకపోయాము.

ఇందులో మన తప్పు లేదా? ఉన్నది. జీతభత్యాలపై మెమోరాండములు వ్రాసినంత శ్రద్ధగా ఈ విషయముపై మేము ఏ అధికారికి వ్రాయలేదు. ఆ లోటు ఈ సంవత్సరము పూరిస్తాము. మన డిమాండ్లు ఇవి: ప్రతి ఎన్నికలోను రన్నింగు స్టాఫును, సార్టింగు సిబ్బందిని అత్యవసర సేవల క్రింద తప్పక నోటిఫై చేయాలి, నోటిఫికేషను నాడే ఫారాలు రన్నింగు రూములకు, ఆఫీసులకు చేరాలి, పోస్టల్ ఓటింగు కేంద్రానికి పోయి వచ్చిన సమయాన్ని డ్యూటీగా లెక్కించాలి.

నేగీ గారు 2022 నవంబరు 2న, నూరేళ్ళు దాటిన వయస్సులో, కల్పాలోని తమ ఇంట పోస్టల్ బ్యాలెట్ ద్వారా చివరి ఓటు వేసి, మూడు రోజులకు కన్నుమూశారు. కొండ మీది ముదుసలి ఇంటికి బ్యాలెట్ పత్రము చేరగలిగినప్పుడు, జంక్షనులోని రన్నింగు రూముకు చేరలేదంటే ఆ సాకును మేము అంగీకరించము.

శాఖా కార్యదర్శులు తమ సభ్యులలో పోలింగు నాడు ఊరికి దూరముగా ఉండేవారి పేర్లు, నియోజకవర్గము, ఓటరు కార్డు సంఖ్యతో జాబితా తయారు చేయాలి. పుస్తకము కోశాధికారి గారి బల్లపై ఉన్నది. రాత్రి బండికి పోవలసినవారు ముందుగా వ్రాయించుకొనగలరు.