ఆపత్కాల చికిత్సా శిక్షణము – మన సంఘ కర్తవ్యము
(తాడిపత్రి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏటేట మనమిట్లు కూడి విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు ఆలోచించుచున్నాము. అవన్నియు శ్లాఘ్యములే. కాని ప్రాణాపాయము సంభవించిన తొలి గడియలో ఏమి చేయవలయునో యెఱిగినవారు మనలో నెందఱు గలరు?

ముందుగా నా యపరాధమును చెప్పుకొందును. చాల యేండ్ల క్రిందట వేరుసెనగ చేనిలో మా తమ్ముని కుమారుని పాము కఱచెను. కాటునకు నాలుగంగుళముల పైని కట్టవలెనని సుశ్రుతసంహిత కల్పస్థానమున చదివినవాడను గనుక నేనే త్రాడు బిగించితిని. ఆసుపత్రి చేరుటకు చాల ప్రొద్దయ్యెను. ప్రాణము దక్కినది, కాలు దక్కలేదు. నాకు ప్రేమ యుండెను, చదువు నుండెను, శిక్షణము లేకపోయెను.

శాస్త్రమును నేను నిందింపను. విరుగుడు సూది లేని కాలమున ఆచార్యుడు తా నెఱిగిన మేలు చెప్పెను. నాగుబాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును పనిచేయు మందు నేడు గలదు. కావున కట్టు బిగించుట, గాటు పెట్టుట, నోట పీల్చుట మాని, కఱచిన యవయవమును కదలనీక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును.

ఇక మన నాపరాతి గనులలో చేయియో కాలో తెగి నెత్తురు ఉబుకుచున్నదనుకొనుడు. గట్టిగా అదిమినను నిలువనిచో, గాయమునకు పైని వెడల్పు పట్టీ బిగించి, బిగించిన వేళను వ్రాసియుంచవలయును. పాముకాటునకు కూడని కట్టే యిచట ప్రాణము నిలుపును! ఈ వివేకము పుస్తకమున చదివిన చాలదు, చేతులకు అలవడవలయును.

గుండె యాగినవానికి నాలుగైదు నిమిషములలోనే మెదడు చెడనారంభించును. పెద్దవారికైనచో ఱొమ్ము నడుమ ఐదాఱు సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 మార్లు అదుమవలయును. వడదెబ్బచే స్పృహ తప్పినవాని దేహమును నీటితో చల్లబఱుపవలెను. నోట నీరు పోయరాదు.

2005 ఆగస్టు 15న హైదరాబాదున నారంభమైన 108 సేవ మనకు గొప్ప యుపకారము. అందలి టెక్నీషియన్లు ప్రాణవాయువు నిచ్చుచు, వైద్యుని సలహాతో మందులు వాడుచు రోగిని తరలింతురు. 2021 నాటి కేంద్రచట్టము ఈ విద్యను వైద్యానుబంధ వృత్తులలో చేర్చినది. కాని తాడిపత్రినుండి అనంతపురము ఏబది కిలోమీటర్లకు పైమాట. బండి వచ్చులోపల దిక్కు మన చేతులే.

కావున నా మనవి యిది. గ్రామమున కిద్దఱు చొప్పున, అందొకరు స్త్రీగా, ఎన్నుకొని వైద్యులచే శిక్షణ మిప్పింతము. అభ్యాసమునకు బొమ్మలను కొందము. నేర్చినది మఱపునకు వచ్చును గనుక ఏటేట మరల పరీక్షింతము. ఆపత్కాల వైద్యవిద్య చదువగోరు పేదబిడ్డలకు వేతనము లిత్తము. కల్యాణమండపమున కొక గది తగ్గినను లోపము లేదు.

సాయపడిన చిక్కులు వచ్చునని వెఱవవలదు. దారిలో గాయపడినవానికి సద్బుద్ధితో తోడ్పడినవారిని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము కాపాడును.

శిక్షణము పొందిన మన బిడ్డ రహదారిపై మోకరిల్లునపుడు పడియున్నవాని కులమడుగ వేళ యుండదు. మన సంఘమునకు అంతకంటె కీర్తి వేఱొకటి కలదా?

స్వస్తి.