మగ్దలా మరియ సర్వీసు రిజిస్టరు



సర్వీసు రిజిస్టరులో తప్పు ఎంట్రీ పడితే దిద్దించుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. మగ్దలా మరియకు సుమారు 1,400 ఏళ్లు పట్టింది.

యోహాను సువార్త ప్రకారం, పునరుత్థానుడైన క్రీస్తును మొదట చూసి, ఆ కబురు శిష్యులకు చేర్చింది ఆమే. కానీ 591లో పోప్ మొదటి గ్రెగరీ తన ప్రసంగంలో, లూకా సువార్తలోని పేరులేని పాపాత్మురాలు ఈమేనన్నారు. ఆ ముద్ర పశ్చిమ దేశాల్లో స్థిరపడిపోయింది.

పునరుజ్జీవన కాలపు కళాకారులు దానికే రూపమిచ్చారు. దొనాతెల్లో కొయ్యలో చెక్కిన మరియ, పశ్చాత్తాపంతో చిక్కి శల్యమైన మనిషి. 1533 ప్రాంతంలో తిషియన్ చిత్రించిన మరియ నిండు యవ్వనవతి. కన్నీటి కళ్లు ఆకాశం వైపు, ఒంటికి పొడవాటి జుట్టే వస్త్రం. ఒకరు శిక్షను, మరొకరు సౌందర్యాన్ని చూపారు. కబురు తెచ్చిన స్త్రీ ఆ రెండింటిలోనూ కనబడదు.

1969లో కాథలిక్ పంచాంగ సవరణతో ఆ ముద్ర తొలగింది. 2016లో, జూలై 22న వచ్చే ఆమె స్మరణదినానికి అపొస్తలుల పండుగలతో సమాన హోదా ఇచ్చారు. ఎరియర్సు మాత్రం ఎవరిస్తారు?

మా మేనత్తను ఇంట్లో అందరూ గయ్యాళి అనేవారు. నేనూ అన్నాను. నా కాలేజీ ఫీజు కట్టింది ఆమేనని, ఆమె పోయాకే తెలిసింది. ఆ ఎంట్రీని ఈరోజు మీ అందరి సమక్షంలో దిద్దుకుంటున్నాను.